ఫీజు, సర్టిఫికెట్, జవాబుపత్రం: విద్యార్థికి ఉన్న ఉచిత న్యాయ సేవల్లో ఏది ఎంత పనికొస్తుంది?

విద్యార్థికి చట్టం ఇచ్చిన హక్కుల జాబితా పెద్దదే. కాలేజీ ఆఫీసు కౌంటర్ దగ్గర నిలబడి ఆ జాబితా చదివితే మాత్రం క్లర్కు తలెత్తి కూడా చూడడు. హక్కును అమలు చేయించడానికి ప్రభుత్వం పెట్టిన సేవలు వేరే ఉన్నాయి: యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) ఈ-సమాధాన్ పోర్టల్, కాలేజీలోని ఫిర్యాదుల కమిటీ, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, జిల్లా వినియోగదారుల కమిషన్, సమాచార హక్కు (ఆర్‌టీఐ) దరఖాస్తు, యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. రెండు తెలుగు రాష్ట్రాల ఇంటర్, డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థులకు వీటిలో ఏది ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నదే ఈ సమీక్ష.

ఇక్కడ పెట్టుకున్న కొలత ఒక్కటే. ఆ సేవకు ఆదేశం ఇచ్చే అధికారం ఉందా, లేక ఫిర్యాదును ఇంకొకరికి పంపి ఊరుకుంటుందా? ఫోన్ మర్యాదగా ఎత్తడం, యాప్ అందంగా ఉండడం తర్వాతి సంగతులు.

యూజీసీ ఈ-సమాధాన్: మొదలుపెట్టడానికి బాగుంది, అక్కడే ఆగితే లాభం లేదు

2022లో వచ్చిన ఈ పోర్టల్‌లో ఖాతా తెరిచి ఫిర్యాదు నమోదు చేయడానికి పావుగంట చాలు. టోల్ ఫ్రీ నంబరు 1800-111-656. విద్యార్థుల ఫిర్యాదులకు 10 పనిదినాల గడువు పెట్టుకున్నారు. డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదు సంఖ్య వస్తుంది, స్థితి ఎప్పటికప్పుడు చూసుకోవచ్చు. ఇంతవరకు మంచి మార్కులే.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. పోర్టల్ ఫిర్యాదును యూనివర్సిటీకి పంపుతుంది, యూనివర్సిటీ కాలేజీకి పంపుతుంది, కాలేజీ 'విద్యార్థి ఫీజు బకాయి ఉన్నాడు' అని ఒక వాక్యం రాసి తిప్పి పంపుతుంది. పోర్టల్‌లో 'డిస్పోజ్డ్', అంటే పరిష్కరించేశాం అని పడుతుంది. ఇలా మూతపడకుండా ఉండాలంటే ఫిర్యాదులో ఏ నిబంధనను ఉల్లంఘించారో పేరు పెట్టి రాయాలి. 'కాలేజీ వాళ్లు చాలా ఇబ్బంది పెడుతున్నారు' అన్న వాక్యానికి ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. '2018 అక్టోబరు యూజీసీ నోటిఫికేషన్ ప్రకారం ఒరిజినల్ సర్టిఫికెట్లు సరిచూసి వెంటనే తిరిగివ్వాలి, ఫలానా తేదీన రాతపూర్వకంగా అడిగాను, ఇప్పటికీ ఇవ్వలేదు' అని రాస్తే ఎవరో ఒకరు సమాధానం ఇవ్వక తప్పదు.

ఆ 2018 నోటిఫికేషన్ ప్రతి విద్యార్థి ఫోన్‌లో ఉండదగ్గ కాగితం. ఫీజు వాపసు ఎంతో అందులో శాతాల్లో ఉంది. ప్రవేశాలకు ప్రకటించిన చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందే మానేస్తే 100 శాతం ఇవ్వాలి. ప్రాసెసింగ్ ఖర్చు కింద కట్టిన ఫీజులో 5 శాతం, అదీ గరిష్ఠంగా 5,000 రూపాయలు మాత్రమే తగ్గించుకోవచ్చు. చివరి తేదీకి 15 రోజుల కంటే తక్కువ ఉండగా మానేస్తే 90 శాతం, ఆ తేదీ దాటిన 15 రోజుల్లోపు అయితే 80 శాతం, 16 నుంచి 30 రోజుల మధ్య 50 శాతం, 30 రోజులు దాటితే ఏమీ రాదు. చేరేటప్పుడు హామీగా కట్టించుకున్న కాషన్ డిపాజిట్ మాత్రం ఎప్పుడు మానేసినా పూర్తిగా ఇవ్వాల్సిందే. దరఖాస్తు అందిన 15 రోజుల్లో డబ్బు వెనక్కి రావాలి.

వీటికి తోడు యూజీసీ కొన్నేళ్లు విడిగా సర్క్యులర్లు ఇచ్చింది. 2024-25 ప్రవేశాలకు సెప్టెంబరు 30లోపు మానేస్తే పూర్తి ఫీజు, అక్టోబరు 31లోపు అయితే 1,000 రూపాయలకు మించకుండా తగ్గించి మిగతాది ఇవ్వాలన్నది. కాబట్టి చేరిన సంవత్సరానికి ఏ సర్క్యులర్ ఉందో చూసుకున్నాకే లెక్క కట్టాలి. ఇంజినీరింగ్, ఫార్మసీ, పాలిటెక్నిక్‌లకు సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) నిబంధన వేరే ఉంది: తరగతులు మొదలుకాకముందే మానేస్తే 1,000 రూపాయల ప్రాసెసింగ్ ఫీజు పోను మొత్తం ఇవ్వాలి.

ఇంటర్ విద్యార్థులు ఈ పోర్టల్ జోలికి వెళ్లి సమయం వృథా చేసుకోవద్దు. జూనియర్ కాలేజీలు యూజీసీ పరిధిలోకి రావు, వాటికి పెద్ద ఇంటర్మీడియట్ బోర్డు, జిల్లా స్థాయిలో ఇంటర్ విద్యాధికారి. ఎవరి పరిధి ఎంతవరకు అన్నది న్యాయశాస్త్రంలో మొదటి పాఠం. పరిధి లేని చోట పెట్టిన అర్జీలో ఎంత న్యాయం ఉన్నా అది చెత్తబుట్టకే వెళ్తుంది.

కాలేజీలోని కమిటీ, పైన అంబుడ్స్‌పర్సన్: కాగితం మీద బలమైనది

2023 ఏప్రిల్‌లో వచ్చిన యూజీసీ విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు ప్రతి ఉన్నత విద్యాసంస్థలో ఒక కమిటీ ఉండాలంటాయి. ప్రొఫెసర్ ఛైర్‌పర్సన్‌గా, మరో నలుగురు ప్రొఫెసర్లు లేదా సీనియర్ అధ్యాపకులు సభ్యులుగా, ఒక విద్యార్థి ప్రత్యేక ఆహ్వానితుడిగా ఉంటారు. ఛైర్‌పర్సన్, సభ్యుల్లో కనీసం ఒకరు మహిళ, ఒకరు ఎస్సీ, ఎస్టీ లేదా ఓబీసీ వర్గానికి చెందినవారై ఉండాలి. ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో కమిటీ నివేదిక ఇవ్వాలి. అది నచ్చకపోతే 15 రోజుల్లో యూనివర్సిటీ స్థాయిలో అప్పీళ్లు వినే అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు, ఆయన 30 రోజుల్లో తేల్చాలి. అంబుడ్స్‌పర్సన్‌గా ఉండేది రిటైరైన వైస్ ఛాన్సలరో, ప్రొఫెసరో, మాజీ జిల్లా జడ్జో.

ఫిర్యాదు అంటే ఏమిటో కూడా నిబంధనలే చెప్పాయి. ఫీజు కట్టించుకోవడానికి సర్టిఫికెట్లు ఆపడం, ప్రాస్పెక్టస్‌లో లేని డబ్బు అడగడం, స్కాలర్‌షిప్ ఇవ్వకపోవడం, పరీక్షలు, ఫలితాలు ఆలస్యం చేయడం, మూల్యాంకనంలో పారదర్శకత లేకపోవడం అన్నీ అందులో ఉన్నాయి. అందుకే ఫీజు బాకీ ఉంటే టీసీ ఆపే హక్కు కాలేజీకి ఉందన్న మాటకు ఇక్కడే సమాధానం దొరుకుతుంది. బాకీ వసూలుకు కాలేజీ సివిల్ కోర్టులో దావా వేసుకోవచ్చు. పదో తరగతి మెమోను తాకట్టు వస్తువులా బీరువాలో పెట్టుకోవడం ఆ దారి కాదు.

ఆచరణలో లోపం ఏమిటంటే చాలా కాలేజీల్లో కమిటీ వెబ్‌సైట్ మీద పేర్ల పట్టికగా మాత్రమే ఉంటుంది. అంబుడ్స్‌పర్సన్‌ను నియమించని 157 యూనివర్సిటీల పేర్లను 2024 జూన్‌లో యూజీసీయే బయటపెట్టింది. అయినా కమిటీకి అర్జీ ఇవ్వడం దండగ కాదు. రేపు ఏ పై అధికారి దగ్గరికి వెళ్లినా మొదట అడిగేది 'కాలేజీలో రాసిచ్చారా?' అనే. అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద ఇన్‌వార్డ్ స్టాంపు, తేదీ, సంతకం వేయించుకోవాలి. స్టాంపు వేయమంటే గొణుగుతారు. అప్పుడు అదే అర్జీని ప్రిన్సిపాల్ పేరు మీద స్పీడ్ పోస్టులో పంపి, అధికారిక ఈమెయిల్‌కు కూడా పంపితే సరిపోతుంది. పోస్టాఫీసు రసీదు, డెలివరీ ట్రాకింగ్ ప్రింటు రెండూ సాక్ష్యమే. వాట్సాప్‌లో కాలేజీ పరిపాలనాధికారికి (ఏఓ) పెట్టిన మెసేజ్‌నే నమ్ముకుంటే తర్వాత ఇబ్బంది.

కాపీయింగ్ ఆరోపణ మీద డిబార్ చేసినా, హాస్టల్ గొడవలో సస్పెండ్ చేసినా ఇదే కమిటీ. ఆరోపణ ఏమిటో రాతలో చెప్పకుండా, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా శిక్ష వేయకూడదన్నది సహజ న్యాయ సూత్రం. అర్జీలో అడగాల్సింది మూడే: ఛార్జి కాగితం కాపీ, దానికి ఆధారమైన రిపోర్టు కాపీ, విచారణ తేదీ. 'తప్పయిపోయింది, క్షమించండి' అని ఖాళీ తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకున్నాక ఈ మూడూ అడిగితే విలువ సగం పోతుంది. కాబట్టి సంతకానికి ముందే అడగాలి.

1915, జిల్లా వినియోగదారుల కమిషన్: కోచింగ్ సెంటర్‌కు సరైన మందు, కాలేజీకి కాదు

చాలామంది తడబడేది ఇక్కడే. కాలేజీ ఫీజు వాపసు కోసం వినియోగదారుల కమిషన్‌కు వెళ్తారు, పరిధి లేదంటూ కేసు కొట్టేస్తారు. చదువు సరుకు కాదు, విద్యాసంస్థ సేవలు అమ్మే వ్యాపారి కాదన్న వైఖరి సుప్రీంకోర్టు 2010, 2012 ఉత్తర్వుల్లో ఉంది. 2020 జనవరిలో జాతీయ వినియోగదారుల కమిషన్ అదే బాటలో విద్యాసంస్థలను చట్టం బయట పెట్టింది, కోచింగ్ సెంటర్లను మాత్రం లోపలే ఉంచింది. ఆ తీర్పు మీద అప్పీలును సుప్రీంకోర్టు విచారణకు తీసుకుంది. అందుకని ప్రస్తుతానికి లెక్క ఇలా పెట్టుకోవడం క్షేమం: నీట్, జేఈఈ, గ్రూప్స్, సాఫ్ట్‌వేర్ శిక్షణ కేంద్రాలు, ఆన్‌లైన్ కోర్సులు అయితే వినియోగదారుల దారి, గుర్తింపు ఉన్న కాలేజీ అయితే యూజీసీ, యూనివర్సిటీ, న్యాయ సేవాధికార సంస్థ దారి.

మన దగ్గర ఈ రెంటి మధ్య గీత చెరిగిపోయిన చోటు ఒకటుంది. ఇంటర్, ఐఐటీ కోచింగ్, హాస్టల్ మూడూ కలిపి ఒకే ప్యాకేజీగా అమ్మే కార్పొరేట్ జూనియర్ కాలేజీలు. అక్కడ రసీదులే కేసు గతి నిర్ణయిస్తాయి. ట్యూషన్ ఫీజు రసీదు సొసైటీ పేరు మీద, కోచింగ్, మెటీరియల్, హాస్టల్ రసీదులు వేరే కంపెనీ లేదా సంస్థ పేరు మీద ఉంటే ఆ రెండో భాగం మీద వినియోగదారుల ఫిర్యాదు నిలబడే అవకాశం ఎక్కువ. ఒకే రసీదు మీద 'ఫీ' అని ఒక్క ముక్క రాసి ఇస్తే వాదన కష్టమవుతుంది. చేరే రోజే దేనికెంతో విడదీసి రసీదు అడగాలి. జీఎస్టీ వేసిన బిల్లు ఉంటే మరీ మంచిది, అది ఇచ్చినవాళ్లు తామే సేవ అమ్ముతున్నామని ఒప్పుకున్నట్లవుతుంది.

1915 పనితీరు బాగానే ఉంటుంది. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు, తెలుగులో మాట్లాడవచ్చు. వాట్సాప్ నంబరు 8800001915. అయితే ఇది కోర్టు కాదు. ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తుంది, అంతే. పేరు చెడుతుందని భయపడే పెద్ద ఎడ్‌టెక్ కంపెనీలు ఈ దశలోనే దిగివస్తాయి. అమీర్‌పేట సందులో ఒక అంతస్తు అద్దెకు తీసుకున్న శిక్షణ కేంద్రం ఫోనే ఎత్తదు. అలాంటప్పుడు ఆలస్యం చేయకుండా జిల్లా కమిషన్‌కు వెళ్లాలి.

2019 వినియోగదారుల రక్షణ చట్టం, అంటే 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్నది, విద్యార్థికి మూడు వెసులుబాట్లు ఇచ్చింది. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే కోర్టు ఫీజు లేదు. సెంటర్ హైదరాబాద్‌లో ఉన్నా విద్యార్థి శ్రీకాకుళం వాడైతే శ్రీకాకుళం జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. లాయరు తప్పనిసరి కాదు. గడువు మాత్రం కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లు. 2025 జనవరి నుంచి ఆన్‌లైన్ దాఖలు ఈ-జాగృతి పోర్టల్‌లో. ఫిర్యాదు, దాని మీద అఫిడవిట్, రసీదులు, ప్రకటన కరపత్రం లేదా స్క్రీన్‌షాట్, మానేస్తున్నానని రాసిన ఈమెయిల్, వాళ్ల జవాబు, వరుస నంబర్లు వేసిన సూచికతో పీడీఎఫ్ చేసి ఎక్కించాలి. పేజీలకు నంబర్లు లేకపోయినా, స్కాన్ మసకగా ఉన్నా లోపాలు చూపించి వెనక్కి పంపుతారు. ఎక్కువ ఫిర్యాదులు ఆగేది ఈ చిన్న విషయాల దగ్గరే.

అవతలి పక్షం నోటీసు అందిన 30 రోజుల్లో, కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. 45 రోజులు దాటితే ఆ హక్కు పోతుందని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఈ తేదీని కాగితం మీద రాసి పెట్టుకుని వాయిదా రోజున గుర్తు చేయడం ఫిర్యాదీ పని, కమిషన్ దానంతట అది పట్టించుకుంటుందని అనుకోవద్దు. మూడు నెలల్లో కేసు తేల్చాలని చట్టంలో ఉంది. అందులో సగం కేసులైనా ఆ గడువులో తేలితే ఆశ్చర్యమే.

రాసేటప్పుడు జరిగే పొరపాటు ఇంకొకటి. 'ఒకసారి కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు' అన్న షరతు చూడగానే దాన్ని 'అన్యాయమైన ఒప్పందం' అని ఫిర్యాదులో పెద్దగా రాస్తారు. ఆ కారణం మీద విచారించే అధికారం చట్టం రాష్ట్ర కమిషన్‌కు ఇచ్చింది గానీ జిల్లా కమిషన్‌కు కాదు. అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు. జిల్లాలో వేసేటప్పుడు 'సేవలో లోపం', 'అనుచిత వ్యాపార పద్ధతి' అన్న రెండు శీర్షికల కింద రాయాలి: చెప్పిన ఫ్యాకల్టీ రాలేదు, బ్యాచ్ మార్చారు, టెస్టులు పెట్టలేదు, వాడుకోని నెలలకు డబ్బు ఉంచుకున్నారు.

2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన కోచింగ్ సెంటర్ల మార్గదర్శకాలు ఇక్కడ పనికొస్తాయి. మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు, హాస్టల్, మెస్ డబ్బుతో సహా 10 రోజుల్లో ఇవ్వాలని, 16 ఏళ్లలోపు వారిని చేర్చుకోకూడదని అందులో ఉంది. ఇవి మార్గదర్శకాలు, చట్టం కాదు, రాష్ట్రాలు తమ నిబంధనల్లోకి తెచ్చుకుంటేనే నేరుగా కట్టుబడి ఉంటాయి. 'చట్టం ప్రకారం' అని రాయకుండా 'కేంద్ర మార్గదర్శకాల్లోని సరైన పద్ధతి ఇది' అని రాస్తే ఎవరూ తప్పుపట్టలేరు.

ఇంకా రెండు మాటలు. ఇంటర్ చదివే పదిహేడేళ్ల పిల్లాడి చేత 'మధ్యలో మానేస్తే రెండేళ్ల ఫీజూ కడతాను' అని బాండు రాయించుకుంటే అది చెల్లదు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరు ఒప్పందానికి విలువ లేదని 1903లోనే అప్పటి అత్యున్నత అప్పీలు న్యాయస్థానం ప్రివీ కౌన్సిల్ చెప్పింది. తండ్రి సంతకం పెడితే మాత్రం ఆయన్ను అడుగుతారు. అప్పుడు కూడా అదే చట్టంలోని 74వ సెక్షన్ అండగా ఉంది, బాండులో ఎంత రాసుకున్నా దానికి లోబడి సహేతుకమైన పరిహారమే రాబట్టగలరు. రెండోది, టాబ్ మీద వేలిముద్ర వేయించి ఫీజును లోన్‌గా మార్చిన కేసులు. కోర్సు ఆపాం కదా అని ఈఎంఐ ఆపేస్తే క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది. రుణసంస్థకు రాతపూర్వకంగా చెప్పి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయాలి. వినియోగదారుల ఫిర్యాదులో కోచింగ్ సెంటర్‌తో పాటు ఆ సంస్థను కూడా ప్రతివాదిగా చేర్చాలి.

సమాచార హక్కు: పది రూపాయల్లో దొరికే సాక్ష్యం

దీన్ని ఫిర్యాదుగా వాడేవాళ్లే ఎక్కువ, అసలు ఉపయోగం సాక్ష్యం సంపాదించడంలో ఉంది. 'నా మార్కులు ఎందుకు తగ్గాయి?' అన్న ప్రశ్నకు అధికారి జవాబు చెప్పక్కర్లేదు. చట్టం ఇచ్చేది రికార్డులో ఉన్న సమాచారం, అభిప్రాయాలు కాదు. 'ఫలానా హాల్‌టికెట్ నంబరు, ఫలానా పేపర్ జవాబుపత్రం నకలు ఇవ్వండి' అంటే ఇవ్వాల్సిందే. 2011 ఆగస్టులో సీబీఎస్‌ఈ కేసులో సుప్రీంకోర్టు ఇది తేల్చింది. పరీక్షకుడి పేరు మాత్రం చెప్పరు, చూసినంత మాత్రాన తిరిగి దిద్దమనే హక్కు కూడా రాదు. పైగా జవాబుపత్రాలు భద్రపరిచే గడువు దాటితే ఇవ్వడానికి అక్కడ ఏమీ మిగలదు. అందుకే ఫలితాలు వచ్చిన వారంలోనే దరఖాస్తు వేయాలి. బోర్డు లేదా యూనివర్సిటీ సొంత పద్ధతిలో వందల రూపాయలు అడుగుతుంటే ఆర్‌టీఐ దారి ఎంచుకోవచ్చని 2019లో కంపెనీ సెక్రటరీల ఇన్‌స్టిట్యూట్ కేసులో సుప్రీంకోర్టు అన్నది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు వంటి దారిద్ర్యరేఖ రుజువు జతచేస్తే ఏమీ కట్టక్కర్లేదు. నకళ్లు ఏ4 పేజీకి 2 రూపాయలు. జవాబు గడువు 30 రోజులు. రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు, దాని నిర్ణయం మీద 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కమిషన్ వేసే జరిమానా రోజుకు 250, గరిష్ఠంగా 25,000 రూపాయలు. రెండో అప్పీలు దాకా వెళ్తే ఏ అడ్మిషన్ గడువునూ అందుకోలేం, అక్కడ విచారణ తేదీ రావడానికే నెలలు పడుతుంది.

కేంద్ర ప్రభుత్వ ఆర్‌టీఐ ఆన్‌లైన్ పోర్టల్ కేంద్ర సంస్థలకే: ఎన్‌టీఏ, సీబీఎస్‌ఈ, ఎన్‌ఐటీ వరంగల్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటివాటికి. జేఎన్‌టీయూకో ఇంటర్ బోర్డుకో అందులో వేస్తే దరఖాస్తు వెనక్కి వస్తుంది, కట్టిన పది రూపాయలు రావు. ప్రైవేటు కాలేజీకి నేరుగా వేస్తే చట్టం మాకు వర్తించదంటారు. అడ్డదారి చట్టంలోనే ఉంది. ఆ కాలేజీ గురించి యూనివర్సిటీ చట్టబద్ధంగా తెప్పించుకోగల సమాచారాన్ని యూనివర్సిటీ నుంచే అడగవచ్చు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ గొడవలో ఈ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ప్రభుత్వం డబ్బు ఇవ్వలేదని కాలేజీ, ఇచ్చామని ప్రభుత్వం అంటూ సర్టిఫికెట్లు మధ్యలో ఉంచినప్పుడు జిల్లా సంక్షేమ కార్యాలయ పౌర సమాచార అధికారికి (పీఐఓ) ఇలా రాయాలి: ఫలానా దరఖాస్తు సంఖ్యకు ఏ విద్యా సంవత్సరానికి ఎంత మంజూరైంది, ఏ తేదీన విడుదలైంది, ఎవరి ఖాతాకు జమైంది, పెండింగ్ ఉంటే ఏ దశలో ఉంది. నాలుగు ప్రశ్నలు, నాలుగు అంకెలు. జవాబు చేతిలో ఉంటే కాలేజీతో మాట తీరే మారిపోతుంది. కాలేజీ నిర్ణీత ఫీజు కంటే ఎక్కువ తీసుకుంటోందని అనుమానం ఉంటే తెలంగాణలో ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీకి, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్‌కు ఇదే తరహా దరఖాస్తు పంపాలి.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ: అందరికంటే తక్కువ తెలిసినది, అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది

జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. న్యాయాధికారి ఒకరు కార్యదర్శిగా ఉంటారు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఏర్పడింది, ఆ చట్టం 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉంది. హెల్ప్‌లైన్ 15100.

ఇది పేదలకే అనుకుని వెళ్లనివాళ్లు చాలామంది. 12వ సెక్షన్ చదివితే సంగతి వేరు. ఆడపిల్ల అయితే ఆదాయంతో పని లేదు, ఎంత ఉన్నవారి అమ్మాయైనా అర్హురాలే. 18 ఏళ్లలోపు పిల్లలు, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవారు కూడా ఆదాయంతో సంబంధం లేకుండా అర్హులు. మిగిలినవారికే రాష్ట్రం పెట్టిన ఆదాయ పరిమితి చూస్తారు. అంటే చాలా తరగతి గదుల్లో ఎక్కువ మంది ఉచిత లాయరుకు హక్కుదారులే.

తెల్లకాగితం మీద అర్జీ చాలు, లాయరు రాయక్కర్లేదు. ఆధార్ నకలు, కుల లేదా వయసు రుజువు, కాలేజీకి ఇచ్చిన అర్జీ స్టాంపు కాపీ, రసీదులు జతచేయాలి. ఉచిత న్యాయ సహాయం మీద ఏడు రోజుల్లో నిర్ణయం తీసుకోవాలి. సర్టిఫికెట్లు, ఫీజు వాపసు లాంటి తగాదాలకు మాత్రం లాయరును కేటాయించమని అడగకుండా ముందు 'ప్రీ లిటిగేషన్' అర్జీగా తీసుకోమనాలి. అంటే కేసు వేయకముందే సంస్థ కాలేజీకి నోటీసు పంపి ఇద్దర్నీ కూర్చోబెడుతుంది. పది సార్లు తిరిగినా కనిపించని కరస్పాండెంట్ కోర్టు ప్రాంగణం నుంచి నోటీసు వెళ్లాక సాధారణంగా కనిపిస్తాడు. రాజీ కుదిరితే లోక్ అదాలత్ (ఈ సంస్థ నడిపే రాజీ వేదిక) అవార్డు, అంటే రాజీ షరతులు రాసిన ఉత్తర్వు ఇస్తుంది. దానికి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంది, అప్పీలు లేదు. మాట తప్పితే నేరుగా అమలు పిటిషన్ వేయవచ్చు. పోర్టళ్లన్నీ కలిపినా ఇవ్వలేనిది ఈ ఒక్క కాగితం.

పరిమితి కూడా చెప్పాలి. కాలేజీ వాళ్లు రాకపోయినా, వచ్చి ససేమిరా అన్నా లోక్ అదాలత్ తనంతట తాను తీర్పు చెప్పలేదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే అవార్డు. అప్పుడు 'రాజీ కుదరలేదు' అని రాసిన ఎండార్స్‌మెంట్ కాగితం అడిగి తీసుకుని, ప్యానెల్ లాయరు (సంస్థ జాబితాలోని ఉచిత లాయరు) కోసం విడిగా అర్జీ పెట్టాలి. ప్యానెల్ లాయర్ల పనితీరు ఒకేలా ఉండదు. ఆయన విద్యార్థి దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. జిరాక్స్‌లకనో రాకపోకలకనో అడిగితే, వాయిదాలకు రాకపోతే కార్యదర్శికి రాసిచ్చి మార్పించుకోవచ్చు. అవార్డు రాసేటప్పుడు తొందరపడి సంతకం పెట్టడం ఇంకో ప్రమాదం. 'సర్టిఫికెట్లు ఇచ్చెదరు' అని కాకుండా ఏ సర్టిఫికెట్లు, ఎన్ని, ఏ తేదీలోపు, ఎవరి చేతికి, ఇవ్వకపోతే రోజుకు ఎంత అన్నది అవార్డులోనే ఉండాలి. తర్వాత చేర్పించడానికి దారి ఉండదు.

యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్

1800-180-5522, రోజంతా పనిచేస్తుంది. పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. కాలేజీకీ పోలీసులకూ సమాచారం వెళ్తుంది. 2009 యూజీసీ నిబంధనల ప్రకారం నేరం కనిపిస్తే సంస్థ అధిపతి 24 గంటల్లో పోలీసు ఫిర్యాదు చేయాలి. 1997 ర్యాగింగ్ నిషేధ చట్టం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది: ఏడిపించడం, అవమానించడానికి 6 నెలల వరకు జైలు, కొట్టినా బెదిరించినా ఏడాది, నిర్బంధిస్తే రెండేళ్లు, తీవ్రంగా గాయపరిస్తే ఐదేళ్లు, ప్రాణం పోతే పదేళ్ల వరకు లేదా యావజ్జీవం. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోని సంస్థ అధిపతిని నేరానికి ప్రేరేపించినవాడిగానే చట్టం చూస్తుంది.

సేవ చురుకైనదే. తేడా వచ్చేది తర్వాత. కాల్ సెంటర్ తిరిగి ఫోన్ చేసినప్పుడు ఎత్తకపోతే, కాలేజీ 'విద్యార్థుల మధ్య మామూలు గొడవ' అని రాసి రాజీ పత్రం పంపితే ఫిర్యాదు మూసేస్తారు. రాజీ పత్రం మీద సంతకం పెట్టమని వార్డెన్ ఒత్తిడి చేస్తే ఆ సంగతే ఫిర్యాదు నంబరుతో ఈమెయిల్ చేయాలి. దెబ్బలు తగిలితే హెల్ప్‌లైన్ కోసం ఆగకుండా ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుని ఎంఎల్‌సీ, అంటే పోలీసు కేసుకు పనికొచ్చే వైద్య నమోదు చేయించాలి. ఏ పోలీస్ స్టేషన్ పరిధి అన్న వాదన పెట్టుకోకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే జీరో ఎఫ్ఐఆర్ అడగవచ్చు, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ ప్రక్రియ చట్టం 173వ సెక్షన్‌లో అది స్పష్టంగా ఉంది. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం.

ఇవన్నీ దాటి అడ్మిషన్ గడువు ముంచుకొస్తే మిగిలేది హైకోర్టులో రిట్, అంటే కాలేజీకి లేదా అధికారులకు ఆదేశం ఇవ్వమని అడిగే పిటిషన్. హైకోర్టు న్యాయ సేవల కమిటీ ద్వారా అదీ ఉచితంగా వేయించుకోవచ్చు, అర్హత నిబంధనలు అవే. రిట్‌తో కలిపి కాలేజీకి, యూనివర్సిటీకి ఇచ్చిన అర్జీల స్టాంపు కాపీలు, చేరాల్సిన కొత్త కాలేజీ సీటు కేటాయింపు పత్రం, రిపోర్టింగ్ చివరి తేదీ ఉన్న పేజీ జతచేయాలి. ఆ చివరి పేజీ లేకపోతే కేసు ఎందుకు అత్యవసరమో బెంచికి చూపించడానికి ఏమీ ఉండదు, మధ్యంతర ఉత్తర్వు బదులు రెండు వారాల వాయిదా వస్తుంది.